నష్టాన్ని తూచే కాటాకు ముద్ర ఎవరిది?

మా చోడవరంలో సర్వేయరు అంటే గొలుసు పట్టుకుని భూమి కొలిచే మనిషి. పొలం గట్టు జరిగినా, అన్నదమ్ములు పంచుకున్నా మండలాఫీసు నుంచి వచ్చేది ఆయనే. ఆయన కొలత నచ్చకపోతే ఏం చెయ్యాలో కూడా ఊళ్ళో అందరికీ తెలుసు: పైకి అర్జీ పెట్టి మళ్ళీ కొలిపించుకోవచ్చు. అదే పేరుతో మరో మనిషి వస్తాడు. గోదాము కాలినప్పుడు, లారీ బోల్తా పడినప్పుడు, గాలివానకు రేకులు లేచిపోయినప్పుడు టేపూ కెమెరా పట్టుకుని వస్తాడు, నాలుగు సంతకాలు తీసుకుని వెళ్ళిపోతాడు. ఆయన్ను బీమా సర్వేయరు అంటారు. చట్టంలో పూర్తి పేరు ‘సర్వేయరు, నష్ట నిర్ధారకుడు’. ఆయనకు అనుమతి ఇచ్చేదెవరు, తప్పు చేస్తే అడిగేదెవరు, ఆయన రాసిన కాగితం మనం చూడవచ్చా అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిసినవాళ్ళు మా ప్రాంతంలో చాలా తక్కువ. ఈ వ్యాసం ఆ మూడింటి గురించే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. తీరానికి దూరంగా ఉన్నా చోడవరం వైపు కూడా చెరకు నేలకొరిగింది, చెట్లు రోడ్లకు అడ్డం పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మా మేనమామకు అప్పట్లో ఒక కిరాణా గోదాము ఉండేది. రేకులు సగం ఎగిరిపోయి పంచదార, పప్పుల బస్తాలు తడిసిపోయాయి. పాలసీ ఉంది. బ్యాంకు అప్పుతో పాటు బ్యాంకే తీయించిన పాలసీ అది. కంపెనీకి కబురు పెట్టాం. సర్వేయరు వచ్చేసరికి వారం దాటింది. వారం పాటు తడి బస్తాలను కదపాలా వద్దా అన్నదే ఇంట్లో చర్చ. కదిపితే సాక్ష్యం పోతుంది, కదపకపోతే మంచి సరుకు కూడా బూజు పడుతుంది. చివరికి ఆయన వచ్చాడు, ఫోటోలు తీశాడు, స్టాకు రిజిస్టరు అడిగాడు, వెళ్ళాడు. కొన్ని నెలలకు ఖాతాలో డబ్బు పడింది. మా లెక్కలో నష్టం రెండు లక్షలు. వచ్చింది తొంభై రెండు వేలు. “ఆ కాయితంలో ఏటి రాసాడో మనకి సూపించరేటి?” అని మామయ్య అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఏ కంపెనీ అయినా అప్పట్లో అలాగే జరిగి ఉండేదని తర్వాత నాకు అర్థమైంది.

తొంభై రెండు వేలు ఎలా వచ్చిందో నేను చాలాకాలానికి లెక్క కట్టగలిగాను. ఈ లెక్క ప్రతి దుకాణదారుకూ తెలియాలి కనుక వివరంగా చెబుతాను. గోదాములో సరుకు పది లక్షలది. పాలసీ మాత్రం ఆరు లక్షలకే, ఎందుకంటే బ్యాంకు అప్పు ఆరు లక్షలు. అప్పు ఎంతో అంతకే బీమా చేయించడం బ్యాంకుల అలవాటు, ఆ అలవాటు ఖాతాదారుకు ఎంత నష్టమో అక్కడ ఎవరూ చెప్పరు. నష్టం రెండు లక్షలు. తడిసినా అమ్ముకోదగ్గ సరుకు విలువ ముప్పై వేలని సర్వేయరు కట్టాడు, దాన్ని సాల్వేజ్ అంటారు. మిగిలింది లక్షా డెబ్భై వేలు. పదికి ఆరు వంతులే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ ఆరు వంతులే ఇస్తారు. దీన్ని యావరేజ్ నిబంధన అంటారు. అంటే లక్షా రెండు వేలు. తుఫాను నష్టాలకు పాలసీదారు తన వంతుగా భరించాల్సిన ఎక్సెస్ ఉంటుంది: క్లెయిములో అయిదు శాతం, కనీసం పదివేలు. అది తీసేస్తే తొంభై రెండు వేలు. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ లెక్కను మామయ్యకు ఎవరూ ఒక కాగితం మీద రాసి ఇవ్వలేదు. సాల్వేజ్ ముప్పై వేలు ఎందుకు, ఇరవై ఎందుకు కాదు అని అడిగే వీలు ఆయనకు లేకపోయింది. అడిగే హక్కు ఉందనే ఆయనకు తెలియదు.

మా ప్రాంతం చెరకు ప్రాంతం కనుక ఈ విషయం నాకు కాటా రూపంలోనే అర్థమవుతుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి బండి తోలిన రైతుకు కాటా ఫ్యాక్టరీదే. కొనేవాడి కాటా మీద అమ్మేవాడి సరుకు తూగుతుంది. ఇందులో అన్యాయం జరగకుండా మూడు ఏర్పాట్లు ఉన్నాయి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. తూచిన వెంటనే చీటీ రైతు చేతికి రావాలి. అనుమానం ఉంటే దారిలో బయటి వే బ్రిడ్జి మీద ముందే తూయించుకోవచ్చు. ముద్ర, చీటీ, రెండో కాటా. బీమాలో నష్టాన్ని తూచే కాటా సర్వేయరు. డబ్బు ఇవ్వాల్సిన కంపెనీయే ఆ కాటాను తెచ్చి పెడుతుంది, దాని ఫీజూ కంపెనీయే ఇస్తుంది. కాబట్టి ఈ మూడు ఏర్పాట్లలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు అని చూడాలి.

ముద్ర ఉంది. అది పాతదే. 1938 బీమా చట్టానికి 1968లో చేసిన సవరణతో 64యూఎం సెక్షను వచ్చింది. లైసెన్సు లేనివాళ్ళు నష్టం అంచనా వేసే వృత్తి చేయకూడదన్నది దాని సారం. అంతకుముందు ఎవరైనా ఈ పని చేయగలిగేవారు. ఒక స్థాయి దాటిన నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయరు నివేదిక లేకుండా కంపెనీ చెల్లించడానికి వీల్లేదని కూడా ఆ సెక్షనే చెప్పింది. మొదట్లో ఆ హద్దు ఇరవై వేల రూపాయలు. 2015 నిబంధనలతో అది మోటారు వాహనాలకు యాభై వేలకు, మిగతావాటికి లక్షకు పెరిగింది. దానికి లోపు నష్టాలను కంపెనీ తన ఉద్యోగుల చేతనే చూపించుకోవచ్చు. ఇప్పుడు చిన్న మోటారు క్లెయిములు చాలావరకు ఫోనులో తీసిన ఫోటోలతోనే తేలిపోతున్నాయి. అంటే చిన్నవాడి చిన్న నష్టం ఈ ముద్ర పరిధిలోకే రాదు. హద్దు పెరగడం వల్ల డబ్బు త్వరగా వస్తుందన్నది నిజమే. కానీ నలభై వేలు పోయిన ఆటో యజమానికి అది నాలుగు నెలల బతుకు అన్నది కూడా నిజం.

1999 చట్టంతో ఏర్పడి 2000లో పని మొదలుపెట్టిన బీమా నియంత్రణ సంస్థ, ఇప్పటి ఐఆర్‌డీఏఐ, ఈ వృత్తిని తన చేతిలోకి తీసుకుంది. ఆ సంస్థ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు వచ్చింది. దేశం మొత్తానికి సర్వేయర్ల లైసెన్సులు ఇచ్చే, రద్దు చేసే అధికారం మన హైదరాబాదులోనే ఉందని తెలుగు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. 2000 నాటి నిబంధనలు సర్వేయర్లను ఏ, బీ, సీ తరగతులుగా విడదీశాయి. 2005లో ఈ వృత్తికంటూ ఒక సంస్థ పుట్టింది, దాన్ని ఐఐఐఎస్‌ఎల్‌ఏ అంటారు. దాని కార్యాలయం కూడా హైదరాబాదులోనే పెట్టారు. 2015లో చట్టం మళ్ళీ మారింది. ఆ సంస్థలో సభ్యత్వం ఉంటేనే సర్వేయరుగా పనిచేయాలని చట్టంలోనే రాశారు. తరగతుల స్థానంలో లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో అనే సభ్యత్వ స్థాయిలు వచ్చాయి. నిర్ణీత చదువు, ఒక సీనియర్ సర్వేయరు దగ్గర పన్నెండు నెలల శిక్షణ, పరీక్ష, ఆ తర్వాతే లైసెన్సు.

లైసెన్సు అన్ని పనులకూ కలిపి ఇవ్వరు, విభాగాల వారీగా ఇస్తారు. అగ్నిప్రమాదం, మెరైన్ సరుకు, ఓడలు, ఇంజనీరింగ్, మోటారు, ఇతరాలు, లాభాల నష్టం, పంటలు వేర్వేరు. మోటారు విభాగంలో మాత్రమే అనుమతి ఉన్నవాడు కాలిన రైసుమిల్లును అంచనా వేయకూడదు. కార్డు చూపించమని అడిగేవాళ్ళు ఎంతమంది? కార్డు చూసినా విభాగం చూసేవాళ్ళు ఎంతమంది? లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా ఐఆర్‌డీఏఐ వెబ్‌సైటులో ఉంది. పేరో నంబరో కొడితే కనిపిస్తుంది. కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడిని గుర్తింపు కార్డు అడుగుతాం గానీ లక్షలు తేల్చడానికి వచ్చిన మనిషిని అడగడానికి మొహమాటపడతాం.

ఇక ముద్ర వేసినవాడు ఏయే పనులు చేయాలో ప్రవర్తనా నియమావళి చెబుతుంది. అది చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఇంత మంచి నియమాలు మనకున్నాయా అనిపిస్తుంది. నష్టపోయిన మనిషితోగాని కంపెనీతోగాని తనకు చుట్టరికమో వ్యాపార సంబంధమో ఉంటే సర్వేయరు ముందే చెప్పాలి. నష్టం జరిగిన చోటికి స్వయంగా వెళ్ళి చూడాలి. కారణం ఏమిటో విచారించాలి. తరుగు ఎంత శాతం తీశాడో, ఎందుకు తీశాడో రాయాలి. సాల్వేజ్ మీద వ్యాఖ్యానించాలి. పాలసీ షరతుల గురించి పాలసీదారు అడిగితే సమాధానం చెప్పాలి. క్లెయిము చెల్లదని తేలిస్తే కారణాలు రాయాలి. తనకు తెలియని విషయంలో నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలి. నివేదిక ప్రతిని పాలసీదారుకు కూడా ఇచ్చి, ఆ అంచనాకు అతను ఒప్పుకున్నాడో లేదో నివేదికలో నమోదు చేయాలి.

అంటే చీటీ కూడా ఉంది, రాతలో. మామయ్య అడిగిన “మనకి సూపించరేటి?” అన్న ప్రశ్నకు నియమావళి జవాబు “చూపించాలి” అనే. చోడవరంలో నాకు తెలిసిన దుకాణదారుల్లో, లారీ యజమానుల్లో అడక్కుండా ఆ ప్రతి అందుకున్నవాళ్ళు లేరు. అడిగితే కొందరికి వచ్చింది. ఎక్కువమందికి సర్వే నివేదిక మొదటిసారి కనిపించేది వినియోగదారుల కమిషన్‌లో, కంపెనీ తన వాదనకు జత చేసినప్పుడు. అప్పటికి ఏడాదో రెండేళ్ళో గడిచిపోతాయి. తడి బస్తాలు లేవు, కాలిన గోడకు సున్నం వేశారు, సర్వేయరు రాసిన దాన్ని కాదనడానికి సాక్ష్యం ఏదీ మిగలదు.

గడువులు కూడా కాగితం మీద బాగా కుదించారు. 2002 నిబంధనల ప్రకారం కంపెనీ 72 గంటల్లో సర్వేయరును పెట్టాలి, ఆయన 30 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. కష్టమైన కేసుల్లో ఆరు నెలల దాకా సాగే వీలుండేది. 2024 మార్గదర్శకాల్లో సర్వేయరు నియామకానికి 24 గంటలు, నివేదికకు 15 రోజులు, ఆ తర్వాత కంపెనీ నిర్ణయానికి ఏడు రోజులు అన్నారు. ఇవి పాటిస్తే గొప్ప మార్పే. కానీ హుద్‌హుద్ లాంటి రోజున విశాఖ నుంచి చోడవరం రావడానికే దారి లేదు. నష్టం ఒకేసారి వేల చోట్ల జరిగింది, సర్వేయర్లు కొద్దిమంది. లైసెన్సు ఉన్నవాళ్ళు ఎక్కువగా నగరాల్లోనే ఉంటారు. తుఫాను తీరంలో మండలానికి ఒకరైనా అందుబాటులో ఉండేలా చూడడం గురించి లైసెన్సు నిబంధనల్లో ఆలోచన లేదు.

ఇక క్రమశిక్షణ. ఇదే అన్నిటికన్నా చీకటిగా ఉన్న గది. నియమం తప్పిన సర్వేయరుకు ఐఆర్‌డీఏఐ నోటీసు ఇవ్వవచ్చు, విచారణ జరపవచ్చు, లైసెన్సు సస్పెండ్ చేయవచ్చు, రద్దు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు. ఆ ఉత్తర్వు మీద సర్వేయరు ముంబైలోని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. అధికారం పూర్తిగా ఉంది. అది నిద్రపోవడానికి కారణం వేరు. పాలసీదారుకు రెండు వేర్వేరు విషయాలు ఒకటిగా కనిపిస్తాయి: తనకు రావాల్సిన డబ్బు, సర్వేయరు చేసిన తప్పు. డబ్బు కోసం మూడు తలుపులున్నాయి. మొదటిది కంపెనీ ఫిర్యాదుల విభాగం. రెండోది హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్, ఆంధ్ర, తెలంగాణలు రెండూ ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. మూడోది వినియోగదారుల కమిషన్. ఈ మూడింటిలో ఏదీ సర్వేయరు లైసెన్సును తాకదు. ఒక కమిషన్ “ఈ నివేదిక ఏకపక్షంగా ఉంది, నమ్మదగింది కాదు” అని తీర్పులో రాసి పాలసీదారుకు డబ్బు ఇప్పించినా, ఆ వాక్యం హైదరాబాదులోని లైసెన్సు ఫైలుకు తనంతట తాను చేరదు. ఎవరో ఒకరు విడిగా ఫిర్యాదు చేస్తేనే చేరుతుంది. డబ్బు వచ్చిన మనిషి మళ్ళీ ఫిర్యాదు రాయడు. డబ్బు రాని మనిషి విసిగిపోయి ఉంటాడు. కంపెనీ తనకు అనుకూలంగా రాసినవాడి మీద ఫిర్యాదు చేయదు. అందుకే క్రమశిక్షణ ఎక్కువగా ఒక వైపే నడుస్తుంది: పాలసీదారుతో కుమ్మక్కై నష్టాన్ని పెంచి రాసిన సర్వేయరును కంపెనీ పట్టుకుంటుంది, పట్టుకోవాలి కూడా. దొంగ క్లెయిముల భారం చివరికి నిజాయతీగా ప్రీమియం కట్టేవాళ్ళ మీదే పడుతుంది. కానీ నష్టాన్ని తగ్గించి రాసినవాడిని పట్టుకునే చెయ్యి ఏదీ లేదు.

న్యాయస్థానాలు ఈ లోటును కొంతవరకు పూడ్చాయి. 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు సర్వేయరు నివేదిక చివరి మాట కాదని చెప్పింది. దాన్ని ఆధారంగా తీసుకోవచ్చు గానీ అది కంపెనీనిగాని పాలసీదారునిగాని కట్టిపడేయదు. అదే సంవత్సరం శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో, మొదటి సర్వేయరు రాసింది నచ్చలేదని కారణం చెప్పకుండా ఒకరి తర్వాత ఒకరిని పెట్టుకుంటూ పోవడం కుదరదని కంపెనీలకు చెప్పింది. ఈ రెండూ చదివితే పాలసీదారుకు ధైర్యం వస్తుంది. అయితే 2021లో వచ్చిన ఖటేమా ఫైబర్స్ తీర్పును కూడా పక్కన పెట్టి చూడాలి. ఉత్తరాఖండ్‌లోని ఆ కాగితం మిల్లులో పాత కాగితం కుప్పలు కాలిపోయాయి. మిల్లు అడిగింది రమారమి 13 కోట్లు. సర్వేయరు తేల్చింది 2.86 కోట్ల దాకా. కుప్పల ఘనపరిమాణం కొలిచి దాని నుంచి బరువు లెక్కకట్టే పద్ధతి మీదే ప్రధానంగా వాదం నడిచింది. సర్వేయరు నియమావళిని పాటించి, కారణాలు చూపించి రాసినప్పుడు వినియోగదారుల కమిషన్ దానికి మించి తవ్వాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ తీర్పు పాలసీదారులకు వ్యతిరేకమని చాలామంది చదివారు. నేనలా చదవను. నియమావళిని పాటించాడా లేదా అన్నదే ఇప్పుడు కేసు గెలుపోటములను నిర్ణయిస్తుందని కోర్టు చెప్పినట్టయింది. అంటే ఏ నియమావళిని మనం ఉత్తుత్తి కాగితమనుకుంటున్నామో అదే పాలసీదారు చేతిలో ప్రధాన ఆయుధం అయింది. నష్టం జరిగిన చోటికి రాకుండా నివేదిక రాశాడా? ప్రతి ఇవ్వలేదా? మన అభ్యంతరం నమోదు చేయలేదా? తరుగుకు కారణం చెప్పలేదా? వీటిలో ఒక్కటి నిరూపించినా నివేదిక బలం తగ్గుతుంది. దానికి కావలసింది నష్టం జరిగిన వారంలోనే రాతపూర్వకంగా అడిగిన ఒక ఉత్తరం.

ఇప్పుడు రెండో కాటా సంగతి. ఇదే మన వ్యవస్థలో పూర్తిగా ఖాళీగా ఉన్న చోటు. అమెరికాలో పబ్లిక్ అడ్జస్టర్ అనే వృత్తి ఉంది. ఆయన కంపెనీ మనిషి కాదు, పాలసీదారు మనిషి. నష్టాన్ని పాలసీదారు తరఫున లెక్కగట్టి కంపెనీతో మాట్లాడతాడు, వచ్చిన మొత్తంలో కొంత శాతం తీసుకుంటాడు. రాష్ట్రాలు ఆయనకు లైసెన్సు ఇస్తాయి, చాలా గట్టిగా కట్టడి చేస్తాయి. 2004లో ఆరు వారాల్లో నాలుగు హరికేన్లు తాకిన ఫ్లోరిడాలో, అత్యవసర పరిస్థితి ప్రకటించిన విపత్తు తర్వాతి క్లెయిముల్లో పది శాతానికి మించి తీసుకోకూడదు, మామూలు క్లెయిముల్లో ఇరవై శాతానికి మించకూడదు. ఆదివారంగాని, మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది మధ్యగాని బాధితుల దగ్గరికి పనికోసం వెళ్ళకూడదు. యాభై వేల డాలర్ల బాండు పెట్టాలి. ఇల్లు కూలి ఏడుస్తున్నవాడి చేత సంతకం పెట్టించుకోవడం ఎంత సులువో తెలిసినవాళ్ళు రాసిన నిబంధనలివి.

టెక్సాస్‌లోని డల్లాస్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్ళకు ఇది బాగా తెలిసిన విషయం. అక్కడ వడగళ్ళ వాన పడితే ఇంటి పైకప్పులు దెబ్బతింటాయి. మర్నాడే రూఫింగ్ కంపెనీలవాళ్ళు తలుపు తడతారు. “మీ ఇన్సూరెన్స్ క్లెయిమ్ మేమే చూసుకుంటాం, పైకప్పు మేమే వేస్తాం” అంటారు. అక్కడి చట్టం దీన్ని ఒప్పుకోదు. ఒకే ఇంటి మీద పైకప్పు పనీ, అడ్జస్టర్ పనీ ఒకరే చేయకూడదు. పని పెద్దదైతే తనకే లాభం కాబట్టి నష్టం లెక్క అతని చేతిలో ఉండకూడదన్నది అక్కడి ఆలోచన. స్టోన్‌వాటర్ రూఫింగ్ అనే సంస్థ ఇది తమ భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని కోర్టుకెక్కింది. 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. లైసెన్సు నియంత్రించేది మాటను కాదు, వృత్తిని అని చెప్పింది.

మన దగ్గర ఇదే పని జరుగుతోంది గానీ లైసెన్సు లేకుండా జరుగుతోంది. ప్రమాదానికి గురైన వ్యాను షెడ్డుకు చేరగానే ఎస్టిమేటు వేసేది షెడ్డు యజమానే, సర్వేయరుతో మాట్లాడేదీ ఆయనే, మరమ్మతు చేసేదీ ఆయనే. వాహనం యజమానికి తెలిసేది చివర్లో కట్టాల్సిన తేడా డబ్బు. తేడా ఎందుకొచ్చిందో కూడా ఆయనకు అర్థం కాదు. మోటారు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలకు సగం, ఫైబర్ గ్లాసుకు ముప్పై శాతం తరుగు తీస్తారనీ, అద్దాలకు తరుగు ఉండదనీ, ఇనుప భాగాలకు బండి వయసును బట్టి తీస్తారనీ చాలామందికి తెలియదు. పెద్ద కంపెనీలకు ఈ బాధ లేదు. విశాఖ, అచ్యుతాపురం పరిశ్రమలకు ఐఆర్‌డీఏఐ లైసెన్సున్న బ్రోకర్లు ఉంటారు, క్లెయిములో సాయం చేస్తారు, సర్వేయరుతో సమానంగా కూర్చుని మాట్లాడే ఇంజనీర్లు వాళ్ళకున్నారు. చోడవరంలో బెల్లం వ్యాపారికి, రైసుమిల్లుకు, నాలుగు లారీల యజమానికి ఆ స్థానంలో ఎవరూ లేరు. ఆ ఖాళీలోకి ‘క్లెయిము మేం చూసుకుంటాం’ అనే మధ్యవర్తులు వస్తారు. వాళ్ళకు చదువు లేకున్నా అడిగేవాడు లేడు, ఎంత శాతం తీసుకున్నా హద్దు లేదు, తప్పు చేస్తే రద్దు చేయడానికి లైసెన్సే లేదు.

శాతం మీద ఫీజు తీసుకోవడమే తప్పని మన దగ్గర ఒక వాదన ఉంది. కేసు ఫలితం మీద ఆధారపడిన ఫీజును మన బార్ కౌన్సిల్ నియమాలు న్యాయవాదులకు నిషేధించాయి. ఆ జాగ్రత్త మంచిదే. అందుకే అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోమని నేననను. పాలసీదారు తరఫున నష్టం లెక్కగట్టే మనిషికి కూడా ఐఐఐఎస్‌ఎల్‌ఏ సభ్యత్వం, అదే ప్రవర్తనా నియమావళి, ప్రభుత్వం నిర్ణయించిన నికర ఫీజు ఉంటే చాలు. బ్రిటన్‌లో కంపెనీ తరఫు నిపుణుడికీ పాలసీదారు తరఫు నిపుణుడికీ పేర్లే వేరు: మొదటివాడు లాస్ అడ్జస్టర్, రెండోవాడు లాస్ అసెసర్. మన చట్టం మాత్రం ఆ రెండో మాటను కూడా కంపెనీ పెట్టే మనిషికే ఇచ్చేసింది.

పంట నష్టం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చోడవరంలో ఎక్కువ మంది నష్టపోయేది అక్కడే. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ఎక్కువగా ప్రాంతం లెక్కన నడుస్తుంది. పంటకోత ప్రయోగాల్లో వచ్చిన దిగుబడిని బట్టి ఊరికంతా ఒకే రేటు కడతారు. ఒక రైతు పొలానికి సర్వేయరు రావడమన్నది వడగళ్ళు, ముంపు లాంటి స్థానిక విపత్తుల్లో, కోత తర్వాత పనలు తడిసినప్పుడు మాత్రమే. అప్పుడు రైతు 72 గంటల్లో కబురు చేయాలి. ఆ పొలానికి వచ్చే అంచనాదారుకు 64యూఎం లైసెన్సు ఉండాలన్న పట్టు లేదు. వ్యవసాయ చదువు, అనుభవం ఉంటే సరిపోతుంది. కాలిన దుకాణానికి వచ్చే మనిషికి ఉన్న నియమావళి, క్రమశిక్షణ దెబ్బతిన్న చేనుకు వచ్చే మనిషికి లేవు. సర్వేయర్ల లైసెన్సుల్లో పంటల విభాగం ఉన్నప్పుడు దాన్ని ఇక్కడ తప్పనిసరి చేయకపోవడానికి సరైన కారణం నాకు కనిపించదు.

ఇన్ని చూశాక నా అభిప్రాయం ఇది. మన దగ్గర లేనిది చట్టం కాదు. నియమావళి మంచిది, గడువులు మంచివి, కోర్టులు దారి చూపించాయి. మార్చాల్సినవి మూడున్నాయి. సర్వే జరిగిన చోటే, సర్వేయరు వెళ్ళిపోయే ముందే, ఏమేం చూశాడో ఎంత కొలిచాడో రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఒక ప్రతి పాలసీదారు చేతికి ఇవ్వాలి. మన ఊళ్ళలో పంచనామా రాయడం ఎవరికీ కొత్త కాదు, దొంగతనానికి రాసేది నష్టానికి ఎందుకు రాయకూడదు? సర్వే నివేదికను తప్పుపట్టిన ప్రతి కమిషన్ తీర్పు, అంబుడ్స్‌మన్ ఉత్తర్వు నేరుగా ఐఆర్‌డీఏఐ లైసెన్సు విభాగానికి వెళ్ళాలి, లైసెన్సు పొడిగించేటప్పుడు వాటిని చూడాలి. పాలసీదారు తరఫు నష్ట నిర్ధారకుడికి లైసెన్సు ఇవ్వాలి. మూడో దానికి సమయం పడుతుంది. మొదటి రెండింటికీ ఒక సర్క్యులర్ చాలు.

అవి వచ్చేదాకా పాఠకులకు నా మనవి. నష్టం జరిగిన రోజే ఫోటోలు, వీడియోలు తీయండి, గ్రామ సచివాలయం ఉద్యోగుల సమక్షంలో రెండు వాక్యాల కాగితమైనా రాయించుకోండి. సర్వేయరు వచ్చినప్పుడు లైసెన్సు నంబరు, విభాగం, గడువు మీ ఫోనులో రాసుకోండి. నివేదిక ప్రతి కావాలని కంపెనీకి ఈమెయిలులోనో రిజిస్టర్డు పోస్టులోనో అడగండి. నచ్చకపోతే అంకెలతో అభ్యంతరం రాయండి. ముందు కంపెనీకి రాసి నెల రోజులు చూసి, ఏడాదిలోగా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు, సొంత దుకాణదారులూ సూక్ష్మ పరిశ్రమలూ కూడా వెళ్ళవచ్చు. లేదా రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. అక్కడ పరిధిని నిర్ణయించేది మీరు అడిగే నష్టం కాదు, మీరు కట్టిన ప్రీమియం, కాబట్టి పెద్ద క్లెయిమైనా మీ జిల్లా స్థాయిలోనే వేసుకోవచ్చు. డబ్బు వచ్చినా రాకపోయినా, సర్వేయరు నియమం తప్పాడనిపిస్తే ఐఆర్‌డీఏఐకి విడిగా ఒక ఫిర్యాదు రాయండి. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వ్యవస్థ బీమా భరోసా నంబరు 155255. చోడవరం నుంచి వెళ్ళే అలాంటి ఫిర్యాదులు పెరిగితేనే హైదరాబాదులో ఆ ఫైళ్ళు తెరుచుకుంటాయి.